నీలగిరుల మీద తడిచీర

ఊటీ అని కూడా పిలిచే ఒత్తకమండు వెళ్ళదలచుకున్న కోనసీమవారి కోసం ఇది రాస్తున్నాను. వెళ్ళవద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. వెళ్ళిరావడం ఎలాగో చెబుతాను, ఆపైన ఎవరి ఓపిక వారిది.

మా ప్రయాణానికి కారణం మా మేనత్త అచ్చమ్మగారి ఉబ్బసం. నా చిన్నతనంలోనే మా అమ్మ పోతే, అప్పటికే భర్త పోయి పుట్టింటికి చేరిన మా అత్త నన్ను పెంచింది. తల్లి లేని లోటు ఏనాడూ తెలియనివ్వలేదు, ముఖ్యంగా తిట్ల విషయంలో. ఆవిడ తిట్టుకు అమలాపురంలో పేరుంది. మా తాతగారితో మొదలై, మా నాన్న మీదుగా, నా చెన్నపట్నం కాలేజీ చదువు దాకా వచ్చి, మధ్యలో ఎక్కడా ఊపిరి తీసుకోకుండా ముగిసేది. అలాంటిది రెండేళ్ళుగా తాతగారి దగ్గరే ఆగిపోతోంది. పిల్లికూతలు, దగ్గు, ఆయాసం. మా నాన్న దాకా రావడమే గగనం, నా వంతు అసలు రావడం లేదు. ఇంట్లో మిగిలినవాళ్ళు హాయిగా ఉందనుకున్నారు. నాకు మాత్రం భయం వేసింది.

ధవళేశ్వరంలో ఆనకట్ట దొరలకు మందిచ్చే వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్ళాను. ఆయన అత్త వీపు మీద చెవి ఆనించబోతే అత్త మూడడుగులు అవతలికి జరిగింది. ఆ దూరం నుంచే విని, "ఈ చెమ్మ నేల మీద ఇంకో శీతాకాలం గడిస్తే నేను హామీ ఇవ్వలేను. నీలగిరులకు తీసుకుపో. అక్కడి గాలి పొడిగా ఉంటుంది" అన్నాడు. గాలి పొడిగా ఉంటుందన్న ఆ మాటను పాఠకులు దయచేసి గుర్తుంచుకోవాలి. కొండ మీద ఉన్నన్నాళ్ళూ నేను గుర్తుంచుకున్నాను.

ఇక్కడ మా అత్త మడి గురించి కొంచెం చెప్పాలి. మడి కట్టుకోనిదే వంట చెయ్యరాదని అందరికీ తెలుసు. చాలామంది ఆడవాళ్ళు ముందురోజు ఆరేసి, ఎవరూ ముట్టుకోకుండా ఉంచిన బట్ట కట్టుకుంటారు. కొందరు పట్టుబట్ట కట్టుకుంటారు. మా అత్త లెక్కలో వీళ్ళంతా "పెట్టెమడి" వాళ్ళు. ఆవిడ మడి తడిమడి. నూతి దగ్గర స్నానం చేసి, చీర తడిపి, పిండి, ఆ తడిచీరే కట్టుకుని పొయ్యి ముందు కూర్చుంటుంది. వంట అయ్యేసరికి చీర ఒంటిమీదే ఆరుతుంది. ఎండాకాలమైనా, పుష్యమాసమైనా ఇదే పద్ధతి. అంత కఠినమైన మడి మా వీధిలో మరొకరికి లేదు. అది ఆవిడ ఆస్తి.

ఉగాది వెళ్ళిన వారానికి అమలాపురం కాలువ రేవులో పడవ ఎక్కాం. సామాను వివరం: రెండు బిందెల గోదావరి నీళ్ళు, బియ్యం, కందిపప్పు, ఊరగాయ, అటుకులు, బస్తాడు కొబ్బరికాయలు. కోనసీమవాడు కైలాసానికి పోయినా కొబ్బరికాయలు పట్టుకునే పోతాడు. గట్టు దిగడానికే అత్త నాలుగైదుచోట్ల ఆగింది. పడవ సరంగు పోలయ్య చూసి, "నెమ్మదిగా దిగండమ్మా. పడవ మీకోసవే ఉంది, ఆయ్" అన్నాడు.

మా సీమలో రాయి అంటే రుబ్బురోలు. అంతకంటే పెద్ద రాయిని అత్త ఎరగదు. పడవ కదిలాక, "కొండంటే ఎంతుంటుందిరా శివుడూ?" అని అడిగింది. కొన్ని వేల కొబ్బరిచెట్లు ఒకదానిమీద ఒకటి నిలబెట్టినట్టుంటుందని చెప్పాను.

"అంత ఎత్తునుంచి కాయలు దింపు తియ్యడం ఎలాగ మరి?" అంది అత్త.

పోలయ్య సందేహం వేరు. "కొండమీద కాలవలుండవంట కదండీ. మరి ఆళ్ళు ఎక్కడికన్నా ఎలా ఎల్తారండీ?"

నడిచి వెళ్తారన్నాను. పోలయ్య చాలాసేపు వాళ్ళమీద జాలిపడ్డాడు.

బొబ్బర్లంక లాకు దగ్గర తలుపులు తీసేవాడు భోజనానికి వెళ్ళడంతో పూట గడిచింది. గోదావరి దాటి, ధవళేశ్వరం నుంచి మళ్ళీ కాలువ మీద కాకినాడ చేరాం. అక్కడ పొగఓడ ఎక్కాలి. సముద్ర ప్రయాణం నిషిద్ధం కదా అని మీరు అడుగుతారు. మా పురోహితుడు దీనికి ముందే మార్గం చెప్పాడు. తీరం కనబడుతున్నంతసేపూ అది సముద్ర ప్రయాణం కాదు, పెద్ద రేవు దాటడం. ఈ తీర్పు కోనసీమలో తప్ప ఇంకెక్కడా చెల్లదు. అందుచేత అత్త ఓడలో ఉన్నన్నాళ్ళూ తీరంవైపే కూర్చుంది. చీకటి పడి తీరం మాయమైతే కళ్ళు మూసుకుంది. తినడానికి అటుకులు, తాగడానికి బిందెలో నీళ్ళు. ఓడవాళ్ళు పెట్టే తిండి గురించి నాకేమీ తెలియదు. ఆవిడ ఎదురుగా తినే ధైర్యం నాకు లేకపోయింది.

చెన్నపట్నంలో ఓడకీ ఒడ్డుకీ మధ్య అలల మీద తీసుకుపోయే తాళ్ళపడవ ఉంటుంది. దాన్ని మేకులతో కాకుండా పీచుతాళ్ళతో కుడతారు. అది మనిషిని ఒక అల మీద పైకెత్తి, తరువాతి అలకు అప్పగిస్తుంది. ఒడ్డున పడ్డాక, ఇప్పుడు తిడుతుందని సిద్ధంగా నిలబడ్డాను. అత్త నోరు తెరిచి, "మీ తాత..." అని ఆగి, గుండె పట్టుకుని ఇసుకలో కూర్చుంది. అంత చక్కని అవకాశం వృథాగా పోవడం చూసి నాకు ఆకలి చచ్చింది.

పొగబండి చెన్నపట్నంలో తెల్లవారాక బయలుదేరుతుంది. వెళ్ళేవారు గంట ముందే వెళ్ళండి. ఆ గంటా మిమ్మల్ని ఒక కొట్టులో పెట్టి తలుపు వేస్తారు. తరువాత తలుపు తీసి, పరుగెత్తమంటారు. మూడో తరగతి పెట్టెలో బల్లలున్నాయి. జనం ముందు వాటిమీద కూర్చుని, తరువాత ఒకరిమీద ఒకరు కూర్చున్నారు. మా ఎదురుగా సేలం పోయే చెట్టిగారొకాయన, తెలుగువాడే, మా సంగతంతా విన్నాడు.

"ఊటీకి తెల్లవాళ్ళు జబ్బులు వదిలించుకోవడానికి పోతారండీ. మనవాళ్ళు తెచ్చుకోవడానికి పోతారు" అన్నాడు.

"ముందే చెప్పొద్దుటండీ నాయనా?" అంది అత్త.

"బండి కదిలాక కదా పరిచయమయ్యేం" అన్నాడు చెట్టిగారు. ఆయన సేలంలో దిగుతూ మాకు ఒక హస్తం అరటిపళ్ళు ఇచ్చిపోయాడు. ఈ ప్రయాణంలో మాకు అబద్ధం చెప్పని మనిషి ఆయనొక్కడే.

మర్నాటికి పోదనూరు. అక్కడ రైలు మనల్ని వదిలేస్తుంది, ఎడ్లబండి పట్టుకుంటుంది. మెట్టుపాళెం చేరేసరికి నా నడుము ఎవరిదో తెలియకుండా పోయింది. అక్కడినుంచి కొండ ఎక్కడానికి ఉన్నవాళ్ళకు గుర్రం, జబ్బువాళ్ళకు డోలీ, చదువుకున్నవాళ్ళకు కాళ్ళు. అత్త డోలీలో, నేను వెనక. దారి పొడుగునా మంచి అడవి, పెద్ద పెద్ద జలపాతాలు, వాటి పక్కన కూర్చుని చుట్ట కాల్చుకుంటూ ఎక్కువ కూలి అడిగే డోలీవాళ్ళు. ప్రతి మలుపులోనూ అత్త డోలీలోంచి తల బయటపెట్టి, "ఇంకా ఉందిట్రా?" అనేది. ఉందనేవాణ్ణి. కూనూరులో ఒక రాత్రి ఆగి, మర్నాడు మధ్యాహ్నానికి ఒత్తకమండు చేరాం.

బస ముందే కుదిరింది. అక్కడి పటాలం కొట్టులో గుమాస్తాగా ఉన్న శేషగిరిరావుగారిది బందరు. నాతో చదువుకున్నవాడికి బావగారు. ఇంటి వెనక వేరే వంటగది, వేరే నుయ్యి ఇచ్చారు. ఆయన భార్య రాజమ్మగారు పొట్టిగా, చలాకీగా, మాటకు మాట జవాబు చెప్పే మనిషి. ఇద్దరూ మమ్మల్ని సొంతవాళ్ళలా చూశారు. నేను విసుక్కోవలసింది వాళ్ళను కాదు.

విసుక్కోవలసింది ఆ గాలిని. వైద్యుడు చెప్పిన పొడిగాలి మేము వెళ్ళిన రోజునుంచీ మబ్బు రూపంలో ఇంట్లో తిరుగుతూనే ఉంది. కిటికీలోంచి వచ్చి, గదంతా చూసి, తలుపులోంచి పోయేది. శేషగిరిరావుగారు రోజూ, "ఈ రుతువులో ఇలా ఉండదండీ" అనేవారు. ఆ మాట ఆయన ఆరేళ్ళుగా అంటున్నారని రాజమ్మగారు చెప్పారు.

మొదటిరోజు తెల్లవారుతూనే అత్త నూతి దగ్గర చన్నీళ్ళ స్నానం చేసి తడిచీర కట్టుకుని పొయ్యి ముందు కూర్చుంది. నేను దుప్పటి, దాని మీద రగ్గు, దాని మీద ఇంకో దుప్పటి కప్పుకుని గుమ్మం బయట నిలబడి వద్దని బతిమాలాను. పప్పు ఎసట్లో పడింది. నీళ్ళు కుతకుతలాడుతున్నాయి. గంట గడిచినా పప్పు పలుకు పలుకుగానే ఉంది.

"ఇదేవిటిరా, మరుగుతోందిగా, ఉడకదేం?"

ఎత్తు పెరిగినకొద్దీ గాలి బరువు తగ్గి నీరు తక్కువ వేడికే మరుగుతుందని, అందుచేత పప్పుకు చాలినంత వేడి తగలదని కాలేజీలో నేర్చుకున్నదంతా చెప్పాను.

అత్త సాంతం విని, "వేడి లేకుండా మరిగేది నీ బుర్రొక్కటే" అంది. అని దగ్గింది. పూర్వమైతే ఆ వాక్యం అక్కడితో ఆగేది కాదు.

పప్పు ఉడికేదాకా మడి విప్పకూడదు. పప్పు ఉడకదు. చీర ఆరదు. ఇలా మూడు రోజులు గడిచాయి. నాలుగోనాడు పొద్దున్న గిన్నె పడ్డ చప్పుడు విని వెళ్ళేసరికి, అత్త పొయ్యి పక్కన గోడకు ఆనుకుని ఉంది. పెదవులు నేరేడుపండు రంగు. ఒక్కో ఊపిరి నూతిలోంచి బిందె లాగినట్టు వస్తోంది. తడిచీర మాత్రం వదల్లేదు. నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది.

"గోదావరి దాటించి, సముద్రం దాటించి, కొండ ఎక్కించింది నువ్వు తడిచీరలో చావడానికా? అదేదో మన నూతి దగ్గరే కానివ్వచ్చుగా! ఇంత దూరం ఎందుకు మోయించుకున్నావు?" అని అరిచాను. పుట్టాక ఆవిడమీద గొంతెత్తడం అదే మొదలు. అరిచి, తిట్టు కోసం ఎదురుచూశాను. ఆవిడ నావైపు చూసింది. పెదవులు కదిలాయి. "మీ తాత" అన్నంత కూడా రాలేదు. నా కోపం అక్కడే జారిపోయింది.

అప్పుడు రాజమ్మగారు నిప్పుల కుంపటి తీసుకుని వచ్చి గుమ్మం దగ్గర పెట్టి, దూరంగా కూర్చున్నారు. ఒంటిమీద ముతక నల్లకంబళి చుట్టుకుని ఉన్నారు.

"మీరు తడిమడి అండీ పిన్నిగారూ?" అన్నారు, ఏమీ జరగనట్టు.

అత్త తల ఊపింది.

"పాపం. మా అత్తగారు కూడా కిందున్నప్పుడు అదే కట్టేవారు. చాలా సున్నితమైన మడి కదండీ అది. పిల్లి రాసుకున్నా పోతుంది, చంటిపిల్ల చెయ్యి తగిలినా పోతుంది. ఎంత జాగ్రత్తగా ఉండాలో!"

అత్త కళ్ళు చిన్నవయ్యాయి. ఆవిడ మడిని చూసి భయపడ్డవాళ్ళున్నారు, విసుక్కున్నవాళ్ళున్నారు. జాలిపడ్డవాళ్ళు ఇంతవరకూ లేరు.

"మీ... మడి... ఏవిటో?"

"కంబళి మడి అండీ. గొర్రెబొచ్చుకు మైల అంటదు. పిల్లి పడుకున్నా మడే, ఊరంతా ముట్టుకున్నా మడే. మా అత్తగారు కొండెక్కాక ఇక తడిబట్ట ముట్టలేదు. 'అంత తేలిగ్గా పోయే మడి ఎందుకే, గట్టిది కడదాం' అనేవారు."

అత్త ఆలోచించింది. రెండుమూడు ఊపిరులు కూడబెట్టుకుంది. తరువాత నావైపు తిరిగి, "ఒరే... ఆ గట్టిది... ఎక్కడ... దొరుకుతుందో... కనుక్కో" అంది.

నాలుగు రోజులుగా నేను శాస్త్రం చెప్పి, బతిమాలి, చివరికి అరిచి సాధించలేనిది అలా తేలిపోయింది. బజారుకు పరుగెత్తి ముతక కంబళి ఒకటి కొన్నాను. అత్త దాన్ని వాసన చూసి, గొర్రె ఇంకా లోపలే ఉందేమో చూడమంది. కాని కట్టుకుంది. తరువాత పప్పును రాత్రే నానబెట్టడం కూడా రాజమ్మగారి దగ్గరే నేర్చుకుంది, నేర్చుకున్నట్టు కనబడకుండా.

వారం తిరిగేసరికి పిల్లికూతలు తగ్గాయి. తిట్టు మా తాతగారిని దాటి మా నాన్న పెళ్ళిదాకా వచ్చింది. అప్పుడు ఊళ్ళో వింతలు చూడడానికి బయలుదేరాం. వెళ్ళేవారి సౌకర్యం కోసం వివరిస్తున్నాను.

దొడ్డబెట్ట అన్నిటికంటే ఎత్తయిన శిఖరం. పైనుంచి మైసూరు దేశం, కోయంబత్తూరు మైదానం కనబడతాయంటారు. మేము ఎక్కేసరికి అన్ని దిక్కులా తెల్లటి మబ్బు. వెంట వచ్చినవాడు మాత్రం వెనక్కి తగ్గకుండా, ఇది మైసూరు, అది కోయంబత్తూరు అని మబ్బును భాగాలు చేసి చూపించాడు. ఏమీ కనబడకపోవడాన్ని అంత ఎత్తునుంచి చూడడం నాకు అదే మొదటిసారి. సర్కారు తోటలో దేశదేశాల చెట్లున్నాయి. వాటిలో ఒక్కదానికీ కొబ్బరికాయ లేదని అత్త గమనించింది. తోదవారనే ఆ కొండజనం ఇళ్ళు బోర్లించిన పడవగూళ్ళలా ఉన్నాయి. వాటిని చూడగానే మా ఇద్దరికీ ఇల్లు గుర్తొచ్చింది.

అన్నిటికంటే పేరున్నది చెరువు. సాయంత్రాలు దొరలూ దొరసానులూ పడవలెక్కి చుట్టూ తిరుగుతారు. అత్త గట్టుమీద కూర్చుని చాలాసేపు చూసింది.

"అవతల రేవు ఎక్కడరా?"

"రేవు లేదత్తా. ఊరికే తిరిగి వస్తారు."

"ఎక్కినచోటే దిగుతారా?"

"అవును."

"దానికి పడవెందుకురా? గట్టుమీదే కూచోవచ్చుగా!"

నేనూ గట్టుమీదే కూర్చున్నాను.

వైశాఖం మధ్యలో దిగివచ్చాం. రాజమ్మగారు సాగనంపుతూ కన్నీళ్ళు పెట్టుకున్నారు. అత్త మిగిలిన కొబ్బరికాయలన్నీ ఆవిడకిచ్చి, "గోడవారగా నాలుగు పాతండమ్మా, ఎందుకైనా మంచిది" అంది.

చెన్నపట్నం సత్రంలో నెల్లూరు ఆడవాళ్ళు కొందరు దిగారు. వాళ్ళముందు తీసిపోకూడదని మర్నాడు పొద్దున్నే అత్త కంబళి మడిచిపెట్టి తడిచీర కట్టింది. సాయంత్రానికి పిల్లికూతలు మొదలయ్యాయి. కొండ వందల మైళ్ళ వెనక ఉంది, చలి లేదు, మబ్బు లేదు. ఉన్నదల్లా తడిచీర. మర్నాడు కంబళి కట్టించాను. ఓడ ఎక్కేసరికి కూతలు పోయాయి. నాకు అప్పటికి పూర్తిగా అర్థమైంది. ఆ ఉబ్బసం కోనసీమ గాలిది కాదు, పోగొట్టింది కొండగాలీ కాదు. ఇరవై ఏళ్ళుగా తెల్లవారుజామున ఒంటిమీద ఆరుతున్న ఆ చీరది. ఇదంతా మా నూతి పక్కన కూర్చునే తెలుసుకోవచ్చు. ఓడలోనే అత్తకు విడమరిచి చెప్పాను.

అత్త తీరంవైపు చూస్తూనే, "పిచ్చి వెధవా, కొండగాలంతా ఈ కంబళికి పట్టింది. అందుకే పనిచేస్తోంది. దీన్ని ఉతక్కూడదు" అంది.

ధవళేశ్వరంలో పడవ మారుతుంటే, గట్టుమీద గొర్రెలు కాసుకునేవాడొకడు అచ్చంగా అలాంటి కంబళే కప్పుకుని నిలబడ్డాడు. అదే నలుపు, అదే అంచు, బహుశా అదే గొర్రె. ఎక్కడ కొన్నావని అడిగితే, పక్క సంతలో అన్నాడు. అత్తవైపు చూశాను.

"దానికి కొండగాలి తగల్లేదు" అంది అత్త, నేను నోరు తెరవకముందే.

అమలాపురం రేవు చేరేసరికి పొద్దు నడినెత్తిన ఉంది. పడవ పోలయ్యదే. వేసవి ఎండకు కాలువ నీళ్ళు కూడా కాగుతున్నాయి. అత్త ఆ ఎండలో కంబళి చుట్టుకుని, చేతిలో బిందెతో, గట్టు ఎక్కేసింది. ఎక్కడా ఆగలేదు. వెనక సామానుతో నేను ఆగాను.

గట్టుమీద మా వీధి ఆడవాళ్ళంతా ఉన్నారు. "అచ్చమ్మా, కూతలు లేవేమే!" అంటే, "నీలగిరి గాలే, అమృతం!" అంటోంది. అప్పుడే ఇద్దరు ముగ్గురు తమ ఆయాసాల సంగతి ఎత్తి నావైపు చూస్తున్నారు. వచ్చే ఏడు ఈ ఊరి ఉబ్బసమంతా నా నెత్తిన ఎక్కుతుందని తెలిసి, వగరుస్తూనే అడ్డుపడ్డాను.

"గాలీ లేదు, కొండా లేదండీ. తడిచీర మానేస్తే చాలు. కంబళి ధవళేశ్వరం సంతలోనే దొరుకుతుంది. మేం ఎక్కిన రేవులోనే దిగేం, అంతే!"

అత్త బిందె కింద పెట్టింది. మొదలుపెట్టింది. మా తాతగారు చేసిన తప్పులు, మా నాన్న వాటిని పెంచిన తీరు, నేను పుట్టిన నక్షత్రం, చెన్నపట్నం, కాలేజీ, పొగబండి, తాళ్ళపడవ, అడ్డమైన దొర వైద్యుడు, మబ్బును చూపించి డబ్బు పుచ్చుకున్నవాడు, అన్నీ వరసగా, తప్పిపోకుండా, ఒకే ఊపిరిలో వచ్చాయి. "...కందిపప్పు ఉడకని కొండకి నన్ను మోయించింది కాక ఇప్పుడు కొండే లేదంటావుట్రా!" అన్నచోట ముగిసింది. దగ్గు రాలేదు. నేను చేతులు కట్టుకుని, ఒక్కమాటా పోనివ్వకుండా విన్నాను.

పడవలోంచి పోలయ్య, "ఆయ్, అమ్మగారికి నెమ్మదించిందండీ" అన్నాడు.